లియోన్సియా బొటనవేలు

"క్రిస్పులో మకతంగాయ్! పులాంగ్‌బాతో పల్లె! తల్లి పేరు డొరోతేయా!"

మూడోసారి పిలిచినా ఎవరూ పలకలేదు. చర్చి ముంగిట వేసిన పందిరిలో పద్దెనిమిదిమంది తల్లులు ఒళ్లో బిడ్డలతో, గంజి పెట్టిన పండుగ బట్టలతో వరసగా కూర్చున్నారు. పంతొమ్మిదో పీట ఖాళీగా ఉంది. ఆరోగ్యవంతులైన బిడ్డలకు బహుమతులివ్వడం ఆ ఊరి పండుగలో అదే మొదటిసారి. మొదటి బహుమతి ఎవరిదో నర్సు లియోన్సియా మకలింటాల్ పన్నెండు రోజుల క్రితమే మనసులో తేల్చేసుకుంది. ఆ బిడ్డే రాలేదు.

"రాకపోతే పోనీవమ్మా," అంది దోన్యా ఫిలొమెనా, చేతిలోని విసనకర్ర ఆపకుండా. అక్కడ పెద్దింటి ఆడవాళ్లను దోన్యా అంటారు; ఈమె మహిళా సంఘానికి అధ్యక్షురాలు. లియోన్సియా పనిచేసే శిశు సంరక్షణ కేంద్రం ఆ సంఘం చేతిమీదుగానే నడుస్తుంది. "రెండోవాణ్ణి మొదటివాణ్ణి చేస్తే సరి. పెద్దమనుషులు పన్నెండు గంటలకి వస్తారు. వాళ్లని ఎండలో నిలబెట్టి నీ మకతంగాయ్ కోసం ఎదురుచూడమంటావా?"

"రాకపోవడానికి ఏదో కారణం ఉండాలి కదమ్మగారూ."

"ఎందుకు లేదూ? బద్ధకం."

నిజానికి లియోన్సియా అనుకున్నదీ అదే. కానీ అదే మాట ఇంకొకరి నోట వినేసరికి ఆమెకు గుచ్చుకుంది. త్రాసు పక్కనున్న కాగితాలు బడి పంతులమ్మకు అప్పగించి, తన తోలు సంచి భుజాన వేసుకుంది.

"ఎక్కడికి?" అంది దోన్యా.

"ఓ గంటలో వచ్చేస్తాను."

అది అబద్ధమని ఇద్దరికీ తెలుసు. పులాంగ్‌బాతోకు వెళ్లడానికే గంట పడుతుంది. జట్కా ఏటి ఒడ్డు దాకానే వస్తుంది. ఆ తర్వాత చెరకు తోటల మధ్య నడకే.

ఆ తోటల మధ్య ఆమె నడిచిన తీరును నడక అనడం కష్టం. ఇరవైనాలుగేళ్ల లియోన్సియాకు నెమ్మదిగా చేయగలిగిన పని ఒక్కటీ లేదు. పదిహేడో ఏట, మనీలాకు పోయి నర్సు చదువు చదువుతానని చెప్పింది కూడా అలాగే, అన్నం తింటూ, ముద్దకూ ముద్దకూ మధ్య. కోర్టులో గుమాస్తాగా పనిచేసే ఆమె తండ్రి చేతిలోని గిన్నె కింద పెట్టేశాడు. "నీకు చదువు చెప్పించింది ముక్కూమొహం తెలియని మగవాళ్ల మలమూత్రాలు ఎత్తడానికా? ఆ పనికి మనింట్లో పనిమనిషి ఉంది," అన్నాడు. ఆమె వెళ్లింది. ఆయన ఏడాదిపాటు ఉత్తరం రాయలేదు. నర్సు శిక్షణలో తెల్లటోపీ పెట్టే రోజున మాత్రం, దీపాలు వెలిగించాక, హాలు చివర గోడకు ఆనుకుని నిలబడ్డ తండ్రిని ఆమె చూసింది. నర్సులకు ఒక పరీక్ష, ఒక పట్టిక ఉండాలని ఆ దేశంలో చట్టం వచ్చి అప్పటికి ఎనిమిదేళ్లే అయింది. ఆ పట్టికలో పేరు ఎక్కిననాడు లియోన్సియా తనకు ఉద్యోగం దొరికిందని అనుకోలేదు, అధికారం దొరికిందనుకుంది. మూఢత్వం మీద, మురికి మీద, ఆలస్యం మీద.

ఆ అధికారంతోనే ఊళ్లో ప్రతి చావడి స్తంభానికీ ఒక ప్రకటన అంటించింది: ఎక్కడపడితే అక్కడ ఉమ్మరాదు, ఉమ్మితో క్షయ వ్యాపించును. తాంబూలం నములుతూ ఎదురైన ప్రతి ముసలమ్మనూ నిలేసి మరీ ఆ అక్షరాలు చదివి వినిపించింది. వాళ్లు శ్రద్ధగా విని, పక్కకు తిరిగి, ఎర్రగా ఉమ్మి, మళ్లీ ఆమెవైపు తిరిగి నవ్వేవారు.

తోట మలుపులో ఆమె అడుగు ఒక్కసారి తడబడింది. ఒక మనిషి గుర్తొచ్చాడు.

మూడు రోజుల కిందటి సంగతి. పోటీకి తెప్పించిన త్రాసు ముల్లు సరిగ్గా నిలవక ఆమె చిరాకులో ఉన్న సమయాన, కేంద్రం గుమ్మంలో టోపీ చేతబట్టుకుని ఒక పల్లెటూరి మనిషి వచ్చి నిలబడ్డాడు. "పిల్లాడికి ఉసోగ్ తగిలింది నర్సమ్మా. తమరు వచ్చి కాస్త ఉమ్మి రాస్తే..." అన్నాడు. ఉసోగ్ అంటే ఇంటికొచ్చిన కొత్తమనిషి పలకరింపు నుంచో పొగడ్త నుంచో బిడ్డకు తగిలే దిష్టి. ఎవరి నోట తగిలిందో వాళ్ల ఉమ్మే దానికి విరుగుడు. లియోన్సియా అతణ్ణి చేయి పట్టుకుని గోడమీది ప్రకటన దగ్గరికి తీసుకుపోయి, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివించింది. అతను చదివాడు. తల ఊపాడు. వెళ్లిపోయాడు.

ఏ ఊరని ఆమె అడగలేదు. బిడ్డకు ఏమైందని కూడా అడగలేదు.

సంచి భుజం మార్చుకుని లియోన్సియా పరుగు లాంటి నడక అందుకుంది.

ఇంటి నిచ్చెన కింద కూర్చుని వెదురు చీలుస్తున్న మనిషి ఆమెను చూసి లేచి నిలబడ్డాడు. అతనే. డొరోతేయా మొగుడు, ఎస్తేబాన్. టోపీ తీయడానికి చేయి నెత్తిమీదికి పోయింది గానీ, నెత్తిమీద టోపీ లేదు.

"లోపలున్నారు," అన్నాడు.

వెదురు నిచ్చెన ఎక్కి లోపలికి వంగగానే ఎదురైంది మాక్సిమా అవ్వ. డొరోతేయాకు అత్త; ఆ చుట్టుపక్కల నాలుగు పల్లెలకు మంత్రసాని. నోట్లో తాంబూలం ఒక బుగ్గ నుంచి ఇంకో బుగ్గకు మార్చి, లియోన్సియాను టోపీ నుంచి బూట్ల దాకా చూసింది.

"వచ్చావా నర్సమ్మా! మీ గోడమీద రాసింది మావాడు బాగా చదివాడు. ఇంటికొచ్చి మాకూ అప్పజెప్పాడు. బిడ్డకి కూడా వినిపించాం. తగ్గలేదు మరి."

"అవ్వా, ముందు బిడ్డను చూడనీ."

"చూశావుగా పన్నెండు రోజుల కింద! చూసి ఏమన్నావు?"

"అవ్వా..."

"కాదు, చెప్పు. నీ నోటితోనే చెప్పు. ఏమన్నావు?"

మూల చాపమీద డొరోతేయా తల ఎత్తలేదు. ఆమె ఒళ్లో మూడు నెలల క్రిస్పులో ఉన్నాడు. వాడు ఏడుస్తున్నాడు. నోరు పూర్తిగా తెరుచుకుంది, కనుబొమలు ముడిపడ్డాయి, గుప్పిళ్లు బిగిశాయి. కానీ శబ్దం లేదు. నోరు తెరుచుకోవడం, మూసుకోవడం. బావి అడుగు నుంచి గాలి లాగినట్టు ఎక్కడో ఒక చిన్న గరగర.

శబ్దం లేని ఏడుపు గురించి తరగతిలో చెప్పిన రోజు కిటికీ బయట వాన పడుతోందని కూడా లియోన్సియాకు గుర్తుంది. బెరిబెరి జబ్బు వచ్చిన బిడ్డ బలహీనంగా కనబడడు, బొద్దుగా కనబడతాడు. ఒంట్లో చేరిన నీరు కొవ్వులా భ్రమ పుట్టిస్తుంది. మోసపోకండి, పాదం నొక్కి చూడండి, అని చెప్పిన పెద్ద నర్సు ఆ మాట రెండుసార్లు చెప్పింది.

లియోన్సియా మోకాళ్లమీద కూర్చుని బిడ్డ పాదంమీద బొటనవేలు ఆనించి నొక్కింది. తీసింది. గుంట అలాగే ఉండిపోయింది, మెత్తని పిండిలో పడ్డ గుర్తులా.

పన్నెండు రోజుల కింద ఇదే పాదం ఈ బట్ట కిందే ఉంది. ఇంకా అయిదిళ్లు చూడాలన్న తొందరలో ఆమె బట్ట విప్పలేదు. బుగ్గ గిల్లి, "అబ్బ, ఎంత బొద్దుగా ఉన్నాడో! మొదటి బహుమతి వీడిదే," అని, పుస్తకంలో 'పుష్టి: అత్యుత్తమం' అని రాసుకుని నిచ్చెన దిగిపోయింది.

"పాలు కక్కుతున్నాడా?"

"నువ్వు మెట్లు దిగిన సాయంత్రం నుంచే," అంది డొరోతేయా, మొదటిసారి నోరు విప్పి. "ఇప్పుడైతే అసలు పట్టడమే లేదక్కా. రొమ్ము చూస్తే మొహం తిప్పుకుంటున్నాడు. పొద్దుట్నుంచి ఉచ్చ కూడా పోయలేదు."

"నువ్వేం తింటున్నావు?"

"బాలింతని, ఏం తింటాను? అన్నం, ఎండుచేప."

పొయ్యిమీద కుండలో అన్నం మల్లెపూవులా తెల్లగా ఉంది. ఏటి ఒడ్డున కొత్తగా పెట్టిన మర నుంచి వచ్చిన బియ్యం. రెండేళ్ల కిందటి దాకా ఆ పల్లెలో రోకటి పోటు వినబడని ఉదయం లేదు; మర వచ్చాక దంపడం మానేశారు. తెల్లన్నం తినడం వాళ్లకు గౌరవమైంది. ఆ తెలుపులో ఏది పోయిందో, దానివల్ల తల్లిపాలలో ఏది లేకుండా పోయిందో ఎవరూ వాళ్లకు చెప్పలేదు. చెప్పాల్సిన మనిషి ఉమ్మి గురించి ప్రకటనలు అంటిస్తోంది.

లియోన్సియా సంచి తెరిచి చిన్న గోధుమరంగు సీసా తీసింది. తవుడు నుంచి తీసిన మందు అది, టికిటికి అంటారు. చెంచా తుడిచింది.

మాక్సిమా అవ్వ ఆమెకూ బిడ్డకూ మధ్య చెయ్యి అడ్డం పెట్టింది.

"ముందు నువ్వు పొగిడి కట్టిన ముడి విప్పు. తర్వాతే నీ సీసా."

"అవ్వా, టైము లేదు. ఇది ఉసోగ్ కాదు. ఇది జబ్బు. వాడి గుండె..."

"ఏదైనా కానీ. పొగిడావు. పొగిడి, వాడి పొట్టమీద వేలైనా పెట్టకుండా పోయావు. మావాడు ఎండలో నడిచొచ్చి అడిగితే అక్షరాభ్యాసం చేయించి పంపావు. నీ బొడ్డు కోసిన చెయ్యి ఇది, లియోన్సియా! మీ అమ్మ కాన్పులో రెండు రాత్రులు కూర్చున్నాను. నువ్వు పుట్టినప్పుడు మీ నాన్న కోర్టు దొర ఒకణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. 'అబ్బో, తెల్లపిల్ల,' అన్నాడు వాడు. ఉమ్మి రాసేదాకా వాణ్ణి నేను గుమ్మం దాటనిచ్చానా? అడుగు మీ నాన్నని!"

"నేను చెప్పేది వింటావా లేదా?"

"వినను. నా మనవడు. నా ఇల్లు."

ఇంకెవరైనా అయితే చెయ్యి లాగేసి చెంచా పోసేవారేమో. ఆ ఆలోచన లియోన్సియాకు రాకపోలేదు. ఆమె భుజాలలో బలం ఉంది, సంచిలో అధికారపత్రం ఉంది. కానీ ఈ మందు ఒక్క చెంచాతో అయ్యేది కాదు. గంటగంటకూ పట్టాలి, వారాల తరబడి పట్టాలి. ఆమె వెళ్లిన మరుక్షణం ఆ సీసా కిటికీలోంచి ఏట్లోకి పోతుంది. అప్పుడిక ఆమె గెలిచిన వాదానికి సాక్షిగా ఒక చిన్న శవపేటిక మిగులుతుంది.

బిడ్డ మళ్లీ నోరు తెరిచాడు. పెదవుల చుట్టూ నీలం కమ్ముతోంది.

వాదం మీద లియోన్సియాకు ఉన్న ప్రేమంతా ఆ నీలంలో ఆగిపోయింది.

"అవును," అంది. "పొగిడాను. తప్పు నాదే. వాడు బొద్దుగా లేడవ్వా, వాచి ఉన్నాడు. చూడాల్సినదాన్ని, చూడలేదు. మీ అబ్బాయి వచ్చినప్పుడైనా అడగాల్సినదాన్ని, అడగలేదు. ఆరోజే అడిగి ఉంటే ఆరోజే వచ్చేదాన్ని."

నిచ్చెన కింద కత్తి చప్పుడు ఆగిపోయింది.

లియోన్సియా టోపీ తీసి చాపమీద పెట్టింది. కాచి చల్లార్చిన నీళ్లు అడిగి రెండుసార్లు నోరు పుక్కిలించింది. సంచిలోంచి పలచటి గుడ్డ చుట్ట తీసి చేతులు తుడుచుకుంది.

"అంత కడిగితే ఉమ్మిలో ఏం మిగుల్తుందే?" అంది అవ్వ అనుమానంగా.

"నీకు కావలసినంత మిగుల్తుంది."

బొటనవేలు నాలుకకు తాకించి, బిడ్డ పొట్టమీద చిన్న శిలువ గీసింది. నాలుగేళ్లు చదివిన చదువంతా వెనకనుంచి తన చెయ్యి పట్టుకు లాగుతున్నట్టు అనిపించింది. అయినా గీత వంకరపోలేదు.

"చాలా?"

"చాలు," అంది అవ్వ. అడ్డంగా పెట్టిన చెయ్యి తీసింది.

మొదటి చెంచాలో సగం బయటికే వచ్చింది. రెండోసారి చుక్కచుక్కగా పెదవుల మధ్య జార్చింది. మాక్సిమా అవ్వ సీసా మూత తీసి వాసన చూసింది; వేలు ముంచి నాకింది; మొహం చిట్లించింది.

"ఇది తవుడు కదే! మా పందికి పెట్టేది."

"అవును, తవుడే."

"మనిషి బిడ్డకి పంది కూడు పెడతావా?"

"నీ పందికి ఎప్పుడైనా కాళ్లు వాచాయా అవ్వా?"

మాక్సిమా అవ్వ దవడ ఆగింది. తాంబూలం నములుతూ ఆ దవడ ఆగడం ఆ ఇంట్లో ఎవరూ చూసి ఉండరు. ఆమె కిటికీలోంచి కింద బురదలో పొర్లుతున్న పందిని చూసింది. తర్వాత కుండలో తెల్లన్నం చూసింది. మంత్రసాని కళ్లు అవి. నలభై ఏళ్లుగా బిడ్డల ఊపిరి లెక్కపెట్టిన కళ్లు.

"క్లేతోగాడి బిడ్డ," అంది మెల్లగా. "పెద్ద లూసియాకి పుట్టిన కవలలు. తర్వాత ఆ సన్నపాటి పిల్ల, దాని పేరేంటి... దాని బిడ్డ. అందరూ రెండో నెలలోనో మూడో నెలలోనో పోయారు. అందరూ బొద్దుగా ఉన్నారు. ఇదివరకు ఇన్ని లేవు." ఏటివైపు తల తిప్పింది. "మర వచ్చిన తర్వాతే."

లియోన్సియా పుస్తకంలో చదివినదాన్ని ఆ ముసలమ్మ తన కళ్లముందు చచ్చిన బిడ్డల వరసలోంచి అక్షరం తప్పకుండా చదివేసింది. ఇన్నాళ్లూ ఆమెను ఎవరూ అడగలేదు; అంతే.

ఆ మధ్యాహ్నమంతా లియోన్సియా కుదురుగా కూర్చోలేదు. గంటకోసారి చెంచా, మధ్యలో నాడి చూడడం, లేవడం, కిటికీ దాకా పోవడం, తిరిగి రావడం. వెదురు నేల ఆమె బూట్ల కింద కిర్రుకిర్రుమంటూనే ఉంది. ఊళ్లో ఈపాటికి బహుమతులు పంచి ఉంటారు. దోన్యా కోపం ఏ స్థాయికి చేరి ఉంటుందో ఊహించింది. ఊహ మధ్యలోనే మరిచిపోయి మళ్లీ నాడి పట్టుకుంది.

"కూర్చోవే తల్లీ," అంది అవ్వ. "నువ్వట్లా తిరుగుతుంటే ఇల్లు కూలేట్టుంది. అదొక్కటే తక్కువ మాకు."

పొద్దువాలే వేళ బిడ్డను ఒళ్లోకి తీసుకుంది. వెచ్చగా ఏదో తొడమీదుగా పారింది. తెల్లటి యూనిఫాం మోకాలి దాకా తడిసిపోయింది. డొరోతేయా కంగారుగా గుడ్డ పట్టుకొచ్చింది. లియోన్సియా ఆ గుడ్డ తీసుకోలేదు. కళ్లు మూసుకుని ఆ తడిని అలాగే ఉండనిచ్చింది. నీరు దిగుతోంది.

మర్నాడు తెల్లవారాక క్రిస్పులో ఏడ్చాడు. అది పాత తలుపు బందులా బొంగురుగా ఉంది. అయినా అది శబ్దం. ఎస్తేబాన్ నిచ్చెన ఎక్కి తల ఒక్కటే లోపలికి పెట్టి, విని, మళ్లీ దిగిపోయాడు. కాసేపటికి కింద రోకటి పోటు మొదలైంది. కోడలికి అత్త దంపుడు బియ్యం వండబోతోంది.

"ఉమ్మి బాగా పనిచేసింది," అంది మాక్సిమా అవ్వ గుమ్మంలో, సాగనంపుతూ.

"అవ్వా! తవుడు పనిచేసింది!"

"అదీ కొంచెం చేసుంటుందిలే."

కేంద్రానికి తిరిగొచ్చి లియోన్సియా ఆ నెల నివేదిక రాసింది. అందులో రెండు వాక్యాలు దోన్యా ఫిలొమెనాకు నచ్చలేదు. 'మొదటి పరీక్షలో వాపును పుష్టిగా నమోదు చేసినది ఈ నర్సే' అన్నది మొదటిది. 'కుటుంబం అనుమతి పొందుటకై, వారి ఆచారం ప్రకారం, ఈ నర్సు తన ఉమ్మిని శిశువు ఉదరముపై రాసినది' అన్నది రెండోది.

"కొట్టేయ్," అంది దోన్యా. "మొదటిది నీ పరువు తీస్తుంది, రెండోది నా పరువు తీస్తుంది. పైవాళ్లడిగారా నిన్ను? బిడ్డ బతికాడు. ఆ ఒక్క మాట రాస్తే చాలదా?"

"ఎలా బతికాడో రాయకపోతే ఇంకొక నర్సు ఇంకొక బుగ్గ గిల్లి పోతుంది అమ్మగారూ."

"నీ ఉద్యోగం పోతే?"

"పోతే కొత్త ఉద్యోగానికి పెట్టే దరఖాస్తులో అదీ రాస్తాను."

దోన్యా విసనకర్ర మూసింది. ఆమె చెడ్డ మనిషి కాదు. పందిరి ఖర్చూ ఆమెదే, సీసాల ఖర్చూ ఆమెదే. "మీ నాన్న కోర్టులో పనిచేశాడని మరిచిపోతుంటాను," అని గొణిగి, నివేదిక కింద సంతకం పెట్టింది. పైవాళ్ల నుంచి ఏ జవాబూ రాలేదు. జవాబు రాకపోవడం లియోన్సియాను చీవాట్లకన్నా ఎక్కువ వేధించింది. తిట్టడానికైనా ఎవరో ఒకరు చదివి ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించేది.

పల్లెలు మాత్రం జవాబిచ్చాయి. మరుసటి సోమవారం కేంద్రం గుమ్మంలో పదకొండుమంది తల్లులు నిలబడ్డారు. నర్సమ్మ ఉమ్మికి పేరొచ్చింది. లియోన్సియా తల పట్టుకుంది, గదిలో నాలుగు చుట్లు తిరిగింది, తర్వాత బయటికొచ్చి గట్టిగా చెప్పింది: "ముందు బిడ్డ పాదం నేను నొక్కి చూస్తాను. తర్వాత చెంచా. ఇంట్లో ఏ బియ్యం వండుతున్నారో చెప్పాలి. ఇవన్నీ అయ్యాకే ఆ ఉమ్మి సంగతి. వరస తప్పితే ఏదీ లేదు."

వాళ్లు ఒప్పుకున్నారు. వరసలో చివర, తాంబూలం నములుతూ, అందరినీ కూడగట్టుకొచ్చిన మాక్సిమా అవ్వ నిలబడి ఉంది. "దాని మాట వినండే, అది చెప్పినట్టు చేస్తేనే ఉమ్మి పారుతుంది," అంటోంది. లియోన్సియాకు ఒళ్లు మండింది. కానీ అంతకు ముందు రెండేళ్లలో తాను రప్పించలేకపోయిన పదకొండుమందిని ఆ అబద్ధం ఒక్క వారంలో నడిపించుకొచ్చింది. ఆమె ఆ కోపాన్ని మింగి, మొదటి బిడ్డ బట్ట విప్పింది. ఆ తర్వాత ఆమె ఏ బిడ్డనూ బట్ట విప్పకుండా చూడలేదు, పాదం నొక్కకుండా మెచ్చుకోలేదు.

మరుసటి ఏడు పండుగకు మళ్లీ పందిరి వేశారు. ఈసారి బరువుతో పాటు ప్రతి బిడ్డ పాదాన్నీ నర్సు నొక్కి చూస్తుందని నియమం పెట్టింది లియోన్సియా. క్రిస్పులోను కూడా తెచ్చారు. వాడు సన్నగా, నల్లగా, తాడులా ఉన్నాడు. త్రాసు పళ్లెంలో కూర్చోబెడితే ఒక్క క్షణం ఉండలేదు. ముల్లు అటూ ఇటూ కొట్టుకుంది. బహుమతి వచ్చే అవకాశమే లేదు. పెద్దమనుషులు వచ్చి కూర్చునే సమయానికి వాడు నోరు తెరిచి ఎత్తుకున్న రాగం చర్చి గోడకు తగిలి తిరిగొచ్చింది.

"అబ్బబ్బ!" చెవులు మూసుకుంది దోన్యా ఫిలొమెనా. "నర్సమ్మా, ఆ పిల్లాణ్ణి ఎవరైనా ఊరుకోబెట్టండి!"

లియోన్సియా చేతిలో కలం ఉంది, ఎదురుగా ఇంకా పదిహేను పేర్లున్నాయి, తొందరపడాల్సిన వేళ అది. కానీ ఆమె తర్వాతి పేరు పిలవలేదు. డొరోతేయా లేవబోతుంటే భుజంమీద చెయ్యివేసి ఆపింది.

"ఉండనీ," అంది. "ఇంకాసేపు ఏడవనీ."